తీసిన కన్ను చెప్పే సాక్ష్యం

రాచర్ల నుండి ఒక సోదరి రాసిన నాలుగు పేజీల ఉత్తరం ఈ నెల నా ముందున్నది. పేరు ప్రచురించవద్దని కోరారు. ఆమె కోరిక మన్నిస్తూ, ఉత్తరంలోని సారాంశం మాత్రమే పాఠకుల ముందుంచుతున్నాను.

ఆ సోదరి కుమారునికి రెండేళ్లు నిండకముందే ఎడమ కనుపాపలో తెల్లని మెరుపు కనిపించింది. దీపం వెలుతురులో మరీ స్పష్టంగా కనిపించేదట. ‘పిల్లికన్ను, పెద్దయితే అదే పోతుంది’ అన్నారు ఇరుగుపొరుగువారు. నాలుగు నెలలు గడిచాక ఆ కన్ను పక్కకు తిరగడం మొదలైంది. అప్పుడు గిద్దలూరులో చూపించారు. అక్కడి డాక్టరు ఒక్క పూట కూడా ఆలస్యం చేయవద్దని చెప్పి పెద్ద ఆస్పత్రికి పంపారు. కంటిలో క్యాన్సర్ గడ్డ ఉన్నదనీ, ఆ కంటికి చూపు తిరిగి రాదనీ, ప్రాణం దక్కాలంటే కన్ను తీయక తప్పదనీ అక్కడ తేలింది. గుండె రాయి చేసుకుని తల్లిదండ్రులు సంతకం పెట్టారు.

రెండు వారాల తరువాత ల్యాబు నివేదిక వచ్చింది. దానిని చూసి డాక్టర్లు ఆరు విడతల కీమోథెరపీ ఇవ్వాలన్నారు. మొదటి విడత పూర్తయింది. పిల్లవాని జుట్టు రాలిపోయింది, తిండి సహించడం లేదు. ‘కన్నే ఇచ్చేశాం కదా, గడ్డ దానితోపాటే పోయింది కదా, ఇంకా ఈ పసివాణ్ణి ఎందుకు బాధపెట్టడం?’ అని అత్తగారు కన్నీళ్లు పెట్టుకుంటున్నారు. ప్రతి విడతకూ రాత్రంతా ప్రయాణం, భర్తకు నాలుగు రోజుల కూలి నష్టం. రెండో విడత తేదీ దగ్గర పడుతున్నది. ఆ సోదరి మూడు ప్రశ్నలు అడిగారు. తీసేసిన కంటిలో ఇంకా చూడవలసినది ఏముంది? కన్ను పోయిన తరువాత మందులు ఎందుకు? మాది మేనరికం, అందువల్లనే ఈ జబ్బు వచ్చిందా?

ప్రియ సోదరీ! మీ అత్తగారి మాటల్లో ఉన్నది మమకారమే. అయితే ఆ మమకారానికి తెలియని ఒక విషయం ఆ నివేదికలో ఉన్నది. దానిని మీకూ ఆమెకూ అర్థమయ్యేలా చెప్పడానికి ప్రయత్నిస్తాను.

ముందుగా జబ్బు గురించి

దీని పేరు రెటినోబ్లాస్టోమా. కంటి వెనుక గోడకు లోపలివైపు పరచుకుని, వెలుగును గ్రహించే పలుచని పొరను రెటీనా అంటారు. శిశువు ఎదిగే దశలో ఆ పొరలోని కణాలు ఒక హద్దు వరకు పెరిగి, ఆపై పెరగడం మానుకుని, తమ తమ పనుల్లో కుదురుకోవాలి. ఒక కణం ఆ హద్దును మరచిపోయి అదుపు లేకుండా పెరిగితే పుట్టే గడ్డ ఇది. పిల్లలకు కంటి లోపల వచ్చే క్యాన్సర్లలో ఎక్కువగా కనిపించేది ఇదే. సుమారు 15 వేల నుండి 20 వేల జననాలలో ఒక బిడ్డకు వస్తుంది. అత్యధికంగా అయిదేళ్ల లోపు పిల్లల్లోనే బయటపడుతుంది.

మన రాష్ట్రాల పిల్లలకు ఈ జబ్బు కొత్త కాదు. హైదరాబాదులోని ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థలో చికిత్స పొందిన 1,457 మంది పిల్లల వివరాలను డాక్టర్ స్వాతి కాలికి, ఆమె సహచరులు క్రోడీకరించగా 2019లో ఒక వైద్య పత్రికలో వెలువడ్డాయి. వారిలో జబ్బు సోకిన కళ్లు 2,074. అంటే ఆరు వందల మందికి పైగా పిల్లలకు రెండు కళ్లలోనూ జబ్బు ఉన్నదన్నమాట. మీ ఇంటికి వచ్చిన కష్టం మీ ఒక్కరిదే కాదని చెప్పడానికే ఈ లెక్క ఇస్తున్నాను.

తీసిన కంటిలో చూడవలసినది ఏముంది?

శరీరంలో మరెక్కడ గడ్డ లేచినా, ముందు చిన్న ముక్క తీసి మైక్రోస్కోపు కింద చూసి, అది ఎటువంటిదో తేల్చుకున్న తరువాతనే చికిత్స మొదలుపెడతారు. ఈ జబ్బులో ఆ అవకాశం లేదు. గడ్డ ఉన్న కంటిలోకి సూది గుచ్చితే, ఆ సూది దారి వెంట కణాలు బయటికి వచ్చి కంటి గూటిలో నాటుకునే ప్రమాదం ఉన్నది. అందుకే కంటిని వెలుపలి నుండి పరికరాలతో చూసి, స్కానింగులు తీసి జబ్బును నిర్ధారిస్తారు. గడ్డ కణాల అసలు రూపం కంటికి కనిపించేది కన్ను తీసిన తరువాతనే. ఈ గడ్డకు కన్ను తొలగించడమే మందు అని స్కాట్లాండుకు చెందిన జేమ్స్ వార్డ్రాప్ 1809లో రాశారు. మత్తుమందు కూడా లేని కాలమది. అప్పట్లో కన్ను తీయడంతో వైద్యుని పని ముగిసేది. ఇప్పుడు తీసిన కంటిని చదవడంతో వైద్యంలోని రెండో సగం మొదలవుతుంది.

తీసిన కంటిని ఫార్మలిన్‌లో ఉంచి గట్టిపరుస్తారు. తరువాత కోసి, మైనంలో పొదిగి, వెంట్రుక మందం కన్నా పలుచని పొరలుగా తరిగి, రంగు పట్టిస్తారు. క్యాన్సర్ కణాలు ముదురు నీలంగా కనిపిస్తాయి. వాటిని చూసే డాక్టరును పాథాలజిస్టు అంటారు. ఆయన మన బిడ్డను ఎన్నడూ చూసి ఉండకపోవచ్చు. కాని బిడ్డ భవిష్యత్తు గురించిన రెండు ముఖ్యమైన ప్రశ్నలకు జవాబు ఆయన బల్ల మీదనే దొరుకుతుంది. కణాలు చూడడానికి ఎలా ఉన్నాయి? అవి ఎంత దూరం వెళ్లాయి?

మొదటి ప్రశ్న: కణాల రూపం

మన మార్కాపురం పలకను తలచుకోండి. బడిలో చేరిన పిల్లవాడు పలక మీద అక్షరాలు వరుసగా దిద్దితే, చేయి కొంచెం వణికినా అది ‘అ’ అని, ఇది ‘ఆ’ అని గుర్తుపడతాం. వాడే కోపంతో బలపాన్ని అడ్డదిడ్డంగా రుద్దితే అక్షరమేదో తెలియదు, గీతలే మిగులుతాయి. క్యాన్సర్ కణాలలోనూ ఈ తేడా కనిపిస్తుంది.

కొన్ని గడ్డలలో కణాలు దారి తప్పినా తమ పుట్టుకను పూర్తిగా మరచిపోవు. రెటీనా కణాల పోలిక కొంత మిగిలి ఉంటుంది. నడుమ చిన్న ఖాళీ వదిలి, దాని చుట్టూ గుండ్రంగా, పువ్వు రేకుల్లా అమరుతాయి. ఈ అమరికను 1891లో అమెరికాలో సైమన్ ఫ్లెక్స్‌నర్, 1897లో ఆస్ట్రియాలో హ్యూగో వింటర్‌స్టైనర్ వర్ణించారు. నేటికీ వారి పేర్లతోనే వాటిని పిలుస్తారు. ఈ పువ్వులు నిండుగా ఉన్న గడ్డను ‘వెల్ డిఫరెన్షియేటెడ్’ అని నివేదికలో రాస్తారు. పోలిక బాగా మిగిలి ఉన్నదని దాని అర్థం. పువ్వులు దాదాపు లేకుండా కణాలన్నీ ముద్దగా ఉంటే ‘పూర్లీ డిఫరెన్షియేటెడ్’ అని రాస్తారు. సోదరీ, మీరు మీ నివేదిక నుండి చూసి రాసిన మాట ఇదే.

దీనికి తోడు పాథాలజిస్టు మరొకటి గమనిస్తారు. కణం లోపలి కేంద్రకం ఎంత పెద్దదైంది, దాని ఆకారం ఎంత చెదిరింది, రంగు ఎంత చిక్కబడింది, ఎన్ని కణాలు రెండుగా చీలుతూ కనిపిస్తున్నాయి అనేవి చూసి, ఆ వికృతిని స్వల్పం, మధ్యస్థం, తీవ్రం అని మూడు మెట్లుగా చెబుతారు. దీనినే ‘అనాప్లేషియా’ అంటారు. అమెరికాలోని ఎమొరీ విశ్వవిద్యాలయానికి చెందిన గ్రాస్‌నిక్లాస్ బృందం 2015లో ప్రచురించిన అధ్యయనంలో, ఈ మెట్టు పెరిగేకొద్దీ జబ్బు శరీరంలోని ఇతర భాగాలకు పాకే ప్రమాదమూ, ప్రాణాపాయమూ పెరుగుతున్నట్లు కనిపించింది.

ఇక్కడ ఒక విషయం తల్లులందరూ గుర్తుంచుకోదగినది. చాలా చిన్న వయసులో తీసిన కళ్లలో ఆ పువ్వుల అమరిక ఎక్కువగా కనిపిస్తుంది. బిడ్డ వయసు పెరిగిన తరువాత తీసిన కళ్లలో అది తగ్గి, కణాల రూపం చెదిరిపోవడం ఎక్కువగా కనిపిస్తుంది. ‘పెద్దయితే పోతుంది’ అన్న మాట ఎంత పొరపాటో దీనివల్ల తెలుస్తుంది.

రెండో ప్రశ్న: కణాలు చేరిన చోటు

కణాల రూపం ఒక్కటే తీర్పు చెప్పదు. అంతకన్నా బరువైన సాక్ష్యం అవి ఎంత దూరం వెళ్లాయన్నది. కంటి నుండి బయటికి ముఖ్యంగా రెండు దారులు ఉన్నాయి. ఒకటి, కంటిని మెదడుతో కలిపే నరం. కంటి వెనుక గోడలో ఈ నరం బయటికి వెళ్లే చోట జల్లెడ వంటి పలుచని తెర ఉంటుంది. కణాలు ఆ జల్లెడకు ఇవతలే ఆగితే భయం తక్కువ. జల్లెడ దాటితే భయం ఎక్కువ. సర్జను నరాన్ని కోసిన చివరి అంచులో కూడా కణాలు కనిపిస్తే మరీ ఎక్కువ, ఎందుకంటే ఆ అంచుకు అవతలి ముక్క బిడ్డ తలలోనే ఉండిపోయింది.

రెండోది, రెటీనా వెనుక ఉండే కోరాయిడ్ పొర. దాని నిండా రక్తనాళాలే. కణాలు అందులోకి చొచ్చుకుపోతే రక్తంతో కలిసి ఎముకల మూలుగకు, ఇతర భాగాలకు చేరవచ్చు. చొరబడిన మేర 3 మిల్లీమీటర్లు గాని, అంతకు మించి గాని ఉంటే దానిని పెద్ద చొరబాటుగా లెక్కిస్తారు. మీ నివేదికలో ‘మాసివ్ కోరాయిడల్ ఇన్వేజన్’ అని ఉన్నదన్నారు. దాని అర్థం ఇదే.

ఈ రెండు ప్రశ్నలలో దేనికి ఎంత బరువు ఇవ్వాలి? పైన చెప్పిన 2015 అధ్యయనం దీనినీ పరిశీలించింది. రెండింటినీ కలిపి తూచినప్పుడు కణాలు చేరిన చోటే బలమైన సాక్ష్యంగా నిలిచింది. కణాల రూపం దానికి తోడుగా నిలిచింది. అయితే నరంలోకి, కోరాయిడ్‌లోకి ప్రమాదకరంగా పాకని పిల్లలలో తీవ్రమైన వికృతి కనిపిస్తే, అక్కడ ఆ రూపమే అదనపు హెచ్చరిక అవుతుంది. సోదరీ, మీ బిడ్డ విషయంలో రెండు సాక్ష్యాలూ ఒకే మాట చెబుతున్నాయి. డాక్టర్లు మందులు ఆపకపోవడానికి కారణం అదే.

కన్ను పోయిన తరువాత మందులు ఎందుకు?

మీ అత్తగారు అన్నట్లు గడ్డ కంటితోపాటే పోయింది. అది నిజమే. కాని గడ్డ నుండి ముందే బయలుదేరిన కణాలు ఉంటే, అవి కంటితోపాటు పోవు. అవి పదో, వెయ్యో ఉండవచ్చు. ఏ స్కానింగులోనూ కనిపించవు. ఆ దశలో బిడ్డ ఆడుకుంటూనే ఉంటాడు. వాటిని మొలకెత్తకముందే తుదముట్టించడానికే కీమోథెరపీ. పొలంలో కలుపు మొక్కను పీకినంత మాత్రాన, అప్పటికే రాలిన విత్తనాలు పోవని మన రైతులకు వేరే చెప్పనక్కరలేదు.

దీనికి లెక్కలు ఉన్నాయి. అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరంలో కన్ను తీసిన తరువాత ప్రమాదకర లక్షణాలు కనిపించిన 80 మంది పిల్లల చరిత్రను డాక్టర్ సంతోష్ హోనావర్, ఆయన సహచరులు పరిశీలించి 2002లో ప్రచురించారు. ఆ డాక్టరు ఆ తరువాత హైదరాబాదులో ఎల్.వి. ప్రసాద్ సంస్థలో కంటి క్యాన్సర్ విభాగానికి నాయకత్వం వహించి మన పిల్లలకు వైద్యం చేశారు. ఆ 80 మందిలో కన్ను తీసిన తరువాత అదనపు చికిత్స పొందినవారు 46 మంది, పొందనివారు 34 మంది. చికిత్స పొందిన 46 మందిలో ఇద్దరికి జబ్బు ఇతర భాగాలకు పాకింది. పొందని 34 మందిలో ఎనిమిది మందికి పాకింది. అంటే నూటికి 4 ఒకవైపు, నూటికి 24 మరొకవైపు. జబ్బు పాకిన వారిలో సగం మందికి కన్ను తీసిన తొమ్మిది నెలల లోపలే అది బయటపడింది.

ఇది పాత రికార్డులను వెనక్కి తిరిగి చూసిన అధ్యయనం గనుక అన్ని సందేహాలూ దీనితోనే తీరవు. కాని తేడా చిన్నది కాదు. ఈ అంకెలను మీ అత్తగారికి ఇలా చెప్పండి: ఇటువంటి నివేదిక వచ్చిన పిల్లలు నూరుగురు ఉంటే, మందులు వాడకపోతే సుమారు ఇరవై నాలుగు ఇళ్లలో విషాదం. వాడితే నాలుగు ఇళ్లలో. మన ఇల్లు ఏ లెక్కలో ఉంటుందో అల్లాహ్‌కే తెలుసు. కాని ఏ దారిన నడవాలో ఎంచుకునే అవకాశం మన చేతికి వచ్చింది.

సాధారణంగా ఇచ్చే మందులు మూడు: విన్‌క్రిస్టీన్, ఎటొపొసైడ్, కార్బొప్లాటిన్. మూడు నాలుగు వారాలకు ఒక విడత చొప్పున ఆరు విడతలు. జుట్టు తిరిగి వస్తుంది. ఆకలి తిరిగి వస్తుంది. జాగ్రత్త పడవలసినది జ్వరం విషయంలో. ఈ మందుల వల్ల తెల్లకణాలు తగ్గుతాయి గనుక ఒళ్లు 100.4 డిగ్రీలు దాటితే, అర్ధరాత్రి అయినా, ఇంటి మందుతో సరిపెట్టక ఆస్పత్రికి తీసుకుపోవాలి. మీ చికిత్స ఆస్పత్రి దూరం గనుక, అటువంటి వేళ దగ్గరలో ఎక్కడికి వెళ్లాలో, ఏ నంబరుకు ఫోను చేయాలో ఈ విడతలోనే అడిగి రాసి పెట్టుకోండి.

ఖర్చు సంగతి. మన రాష్ట్రంలో ఆరోగ్యశ్రీగా మొదలై ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవగా నడుస్తున్న పథకంలో క్యాన్సర్ చికిత్సలు ఉన్నాయి. ఆస్పత్రిలో ఆ పథకం సిబ్బందిని కలిసి అడగండి. క్యాన్సర్ రోగికీ, తోడు వెళ్లే ఒకరికీ రైలు చార్జీలో రాయితీ ఉన్నది. అందుకు కావలసిన ధ్రువపత్రం ఆస్పత్రివారే ఇస్తారు. ఇక మీ వీధివారికి, మస్జిద్ కమిటీ పెద్దలకు ఒక మాట: ఇటువంటి ఇంటికి పరామర్శకు వెళ్లేటప్పుడు ‘ఎందుకమ్మా ఇంకా’ అని కాక, ‘ఈసారి ప్రయాణానికి ఏం కావాలి’ అని అడగండి.

మేనరికం వల్ల వచ్చిందా?

కాదు. మేనరికం వల్ల పెరిగే జబ్బులు కొన్ని ఉన్న మాట నిజమే. వాటిలో తల్లి నుండి ఒకటి, తండ్రి నుండి ఒకటి లోపమున్న జన్యువులు బిడ్డకు చేరాలి. రెటినోబ్లాస్టోమా ఆ కోవకు చెందదు. 13వ క్రోమోజోములో ఉండే ఆర్‌బి1 అనే జన్యువు కణాల పెరుగుదలకు కళ్లెం వంటిది. ఒక కణంలో దాని రెండు ప్రతులూ దెబ్బతిన్నప్పుడు ఈ గడ్డ మొదలవుతుందని 1971లో ఆల్ఫ్రెడ్ నడ్సన్ ఊహించారు. 1986లో ఆ జన్యువు దొరికింది.

నూటికి సుమారు అరవై మందిలో ఈ దెబ్బ కంటి కణానికే పరిమితం. మిగిలిన నలభై మందిలో ఒక ప్రతి పుట్టుకతోనే దెబ్బతిని ఉంటుంది. వారిలోనూ చాలామంది కుటుంబాలలో అంతకుముందు ఎవరికీ ఈ జబ్బు ఉండదు. కనుక ఇది తల్లి తప్పూ కాదు, తండ్రి తప్పూ కాదు, ఆ పెళ్లి కుదిర్చిన పెద్దల తప్పూ కాదు. ఈ మాట ఇంటిలో అందరి ముందూ చదివి వినిపించండి.

అయితే ఒక పని మిగిలి ఉన్నది. పుట్టుకతో వచ్చిన రకమైతే రెండో కంటిలోనూ గడ్డ రావచ్చు. తోబుట్టువులకూ రావచ్చు. ఆ బిడ్డ పెద్దవాడై తండ్రి అయినప్పుడు, పుట్టే ప్రతి బిడ్డకూ సగానికి సగం అవకాశం ఉంటుంది. ఒక కంటికే జబ్బు వచ్చిన పిల్లలలోనూ నూటికి సుమారు పదిహేను మంది ఈ రకానికి చెందినవారే. అందువల్ల మీ బాబు రెండో కంటిని డాక్టరు చెప్పిన ప్రతి తేదీకి చూపించండి. మీ ఎనిమిది నెలల పాపను కూడా వెంటనే తీసుకువెళ్లి చూపించండి. జన్యు పరీక్ష గురించి అడగండి.

మీ అత్తగారి మరో బాధ

ఉత్తరం చివర మీరు సంకోచిస్తూ రాసిన మాట నన్ను కదిలించింది. తీసిన కంటిని ఖననం చేయకుండా ల్యాబులో ఉంచుకున్నారని మీ అత్తగారు బాధపడుతున్నారన్నారు. ఆ భావన గౌరవించదగినది. ఒక్క మాట మాత్రం ఆమెకు చెప్పండి. ఆ కంటిని పరీక్షించకుండా ఆనాడే మట్టిచేసి ఉంటే, బయటికి వెళ్లిన కణాల సంగతి ఎవరికీ తెలిసేది కాదు. మైనంలో పొదిగి దాచిన ఆ చిన్న ముక్కలు ఇంకా అవసరమే. జన్యు పరీక్షలో ముందు గడ్డలోని లోపమేమిటో కనుగొని, తరువాత అదే లోపం రక్తంలో ఉన్నదేమో వెదుకుతారు. ఆ చిన్న ముక్క మీ పాపకూ, మీ మనుమలకూ కూడా పనికిరావచ్చు. మిగిలిన భాగం గురించి ఆస్పత్రివారిని అడగడానికి మీకు సంకోచం అక్కరలేదు. ఏం చేయాలో మీ ఇమాంగారిని సంప్రదించండి.

పాఠకులందరికీ

ప్రపంచంలోని 153 దేశాల నుండి 4,351 మంది పిల్లల వివరాలతో 2020లో వెలువడిన అధ్యయనం ఒక చేదు నిజం చెప్పింది. జబ్బు గుర్తించేసరికే అది కన్ను దాటి బయటికి వచ్చిన పిల్లలు ధనిక దేశాలలో నూటికి ఇద్దరు కూడా లేరు. అతి పేద దేశాలలో దాదాపు సగం మంది. జబ్బు ఒకటే, మందులూ అవే. తేడా వచ్చింది ఎక్కువగా ఆలస్యం వల్లనే.

కనుక ఈ రాత్రి మీ ఇంటి పసిపిల్లలను ఒకసారి చూడండి. మసక వెలుతురులో, లేదా ఫ్లాషుతో తీసిన ఫొటోలో, ఒక కనుపాప ఎర్రగానో నల్లగానో ఉండి రెండోది తెల్లగా మెరిస్తే, కన్ను పక్కకు తిరిగితే, ఎర్రబడి వాచి తగ్గకపోతే, వారం ఆగవద్దు. తాయెత్తుతోనో, ఆకు పసరుతోనో కాలం గడపవద్దు. అది క్యాన్సర్ కాకపోవచ్చు, శుక్లమో మరొకటో కావచ్చు. అయినా చూపించవలసినదే.

సోదరీ! రెండో విడతకు తేదీ తప్పకుండా వెళ్లండి. వెళ్లేటప్పుడు నివేదిక అసలు ప్రతిని సంచిలో పెట్టుకోండి, జిరాక్సు ఒకటి ఇంటిలో ఉంచండి. వీలైతే ఈసారి మీ అత్తగారిని కూడా వెంట తీసుకువెళ్లండి. ఆ వార్డులో ఆరు విడతలు పూర్తిచేసుకుని, కృత్రిమ కన్ను పెట్టుకుని, పరుగులు తీసే పిల్లలు ఆమెకు కనిపిస్తారు. నా ఉత్తరం కన్నా వారే బాగా నచ్చజెప్పగలరు.

అల్లాహ్ మీ చిన్నారికి సంపూర్ణ ఆరోగ్యం ప్రసాదించుగాక. ఆరో విడత పూర్తయిన రోజున మళ్లీ ఒక ఉత్తరం రాయండి.